నాన్నకు మతిమరుపు... నేనూ ఎంఆర్‌ఐ చేయించుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. ఏడాదిగా అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మొన్న రోజూ వెళ్లే రైతుబజారు నుంచి ఇంటికి దారి తెలీక నిలబడిపోయారు. తాతయ్యకూ ఎనభై దాటాక ఇలాగే ఉండేది. ఎంఆర్‌ఐ తీయిస్తే అల్జీమర్స్ ముందే తెలుస్తుందా? నాకు 39. నేనూ చేయించుకోవాలా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నాన్నగారికి తీయించండి. మీకు అక్కర్లేదు.

మతిమరుపుతో వచ్చినవారికి మేం ఎంఆర్‌ఐ రాసేది ముందుగా అల్జీమర్స్ కోసం కాదు, నయమయ్యే జబ్బేదైనా దాక్కుందేమోనని. ఎప్పుడో బాత్రూంలో జారిపడి తల తగిలి ఉంటుంది, ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. పుర్రె లోపల రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతూ అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే చాలామంది కోలుకుంటారు. మెదడులో నీరు చేరినా ఇంతే. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం ఉన్నాయేమో గమనించండి.

ఇక అల్జీమర్స్. కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగం హిప్పోకాంపస్ ఇందులో ముందుగా చిక్కిపోతుంది. కానీ తొలిదశలో ఎంఆర్‌ఐ నార్మల్‌గానే రావచ్చు. ఇంకోవైపు, రిపోర్టులో ‘ఏజ్ రిలేటెడ్ అట్రోఫీ’ అన్న ముక్క చదివి, ‘మెదడు ఎండిపోయిందట డాక్టర్’ అంటూ కళ్లనీళ్లతో వచ్చేవాళ్లూ ఉన్నారు. అరవై దాటాక మెదడు కాస్త తగ్గడం మామూలే. అదే జబ్బు కాదు.

ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను చూపే పెట్ స్కాన్‌లో మాత్రం లక్షణాలకు పదేళ్లకు పైగా ముందే మార్పు కనిపించవచ్చు. కనిపించిన అందరికీ మతిమరుపు రాదు, అదీ చిక్కు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు కూడా లక్షణాలు మొదలైన తొలిదశవారిలో జబ్బు వేగాన్ని కొంత తగ్గించేదే. పైగా మెదడు వాపు, రక్తస్రావం వస్తాయేమోనని మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ తీస్తూ ఉండాలి. ఏ ఇబ్బందీ లేని 39 ఏళ్ల మీకు స్కాన్ వల్ల దిగులు తప్ప ఒరిగేదేం లేదు. తాతయ్యకు ఎనభై దాటాక వచ్చింది కాబట్టి వంశపారంపర్యమని బెంగ పడకండి. బీపీ, షుగర్ చూపించుకోండి, చాలు.

నాన్నగారికి స్కాన్‌తోపాటు బి12, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి. పేస్‌మేకర్ ఉంటే స్కాన్ సెంటర్లో ముందే చెప్పండి. న్యూరాలజిస్ట్ దగ్గరికి ఆయన వేసుకునే మాత్రలన్నీ పట్టుకెళ్లండి, ముఖ్యంగా నిద్రమాత్రలు. అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి. ఏం మరిచిపోతున్నారో, ఎప్పటి నుంచో రోజూ పక్కనుండి చూసేది ఆమే.