డయల్ 100తో ఆగని బెడదకు ఆర్డీఓ దగ్గర పిటిషన్

ప్రశ్న: మాది జగిత్యాల. వీధి మొదట్లో వైన్ షాపు ఉంది. సీసాలు కొన్నవాళ్లు మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో, రోడ్డు మీద రాత్రి పదకొండు దాకా తాగుతారు. ఒకటే బూతులు, గోడకే మూత్రం, పొద్దున లేస్తే గాజుపెంకులు. 100కు ఫోన్ చేస్తే పోలీసులొచ్చి తరుముతారు, మర్నాడు మళ్లీ మామూలే. దారేమిటి?

జవాబు: పోలీసులు తరిమి ఊరుకోవడానికి చట్టంలోనే ఒక కారణం ఉంది. బహిరంగ స్థలంలో తాగి గొడవ చేయడం (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 355), పబ్లిక్ న్యూసెన్స్ (292) రెండూ నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. జరిమానా కూడా రూ.1,000కి మించదు.

బూతుల సంగతి వేరు. బహిరంగంగా బూతులాడితే 296, ఆడవాళ్లను అవమానించేలా మాట్లాడితే 79. ఈ రెండూ కాగ్నిజబుల్, ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. 79 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అందుకే ఫిర్యాదులో 'తాగి అల్లరి చేస్తున్నారు' అని సరిపెట్టకండి. అన్న మాటలు, తేదీ, టైము ఉన్నవి ఉన్నట్టు రాయండి. రాయడానికి మొహమాటపడితే కేసు అక్కడే నీరుగారుతుంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లండి.

అయితే ఇవాళ పది మందిపై కేసు పెట్టినా రేపు ఇంకో పది మంది వచ్చి కూర్చుంటారు. అసలు ఆ అడ్డానే ఎత్తేయించాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 (పాత సీఆర్‌పీసీ 133) కింద ఆర్డీఓకు పిటిషన్ పెట్టండి. ఆయనే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్. న్యూసెన్స్ తొలగించమని దానికి బాధ్యులైనవాళ్లకు షరతులతో ఉత్తర్వు ఇచ్చి, అభ్యంతరముంటే హాజరై చెప్పమంటారు. వాళ్లు హాజరై వాదిస్తే విచారణ 90 రోజుల్లో ముగించాలి, కారణాలు రాసి 120 దాకా పొడిగించొచ్చు. తుది ఉత్తర్వు మీరితే న్యాయ సంహిత సెక్షన్ 223 కింద కేసు.

ఇలాంటి పిటిషన్లు ఎక్కువగా వీగిపోయేది ఒక్క ఇంటివాళ్లే సంతకం పెట్టినప్పుడు. ఇద్దరి మధ్య తగాదా అని పక్కన పెట్టేస్తారు. కనీసం పది, పదిహేను ఇళ్లవాళ్లు ఇంటి నంబర్లతో సంతకాలు చేయాలి. ఇంకో చిక్కు ప్లాటుది. అది ప్రైవేటు స్థలం కాబట్టి వీధిలో నడిచేవాళ్లకు కలిగే ఇబ్బందిని ముందు రాయండి, ప్లాటును హద్దులతో గుర్తించండి. వైన్ షాపు లైసెన్సుదారును, ప్లాటు యజమానిని ప్రతివాదులుగా చేర్చండి. యజమాని ఎవరో తెలియకపోతే ఖాళీ స్థలం పన్ను ఎవరి పేర ఉందో మున్సిపల్ ఆఫీసులో అడగండి. 100కు చేసిన కాల్స్ తేదీలు, మీ గుమ్మంలోంచి తీసిన వీడియోలు జతచేయండి. ఆ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిప్పకండి, పరువునష్టం కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు.

ప్లాటు శుభ్రం చేసి కంచె వేయమని యజమానికి నోటీసివ్వాలంటూ మున్సిపల్ కమిషనర్‌కు, షాపు బయట తాగిస్తున్నారని ఎక్సైజ్ స్టేషన్‌కు విడిగా ఒక్కో అర్జీ ఇవ్వండి. షాపుకు పర్మిట్ రూం ఉంటే అది లోపల తాగడానికే, వీధికి వర్తించదు. డబ్బులు లేవని మున్సిపాలిటీ చేతులెత్తేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1980లోనే రత్లాం మున్సిపాలిటీ (మధ్యప్రదేశ్) కేసులో తేల్చింది, ఆ పాత సెక్షన్ 133 కిందే.

ప్రతి అర్జీ రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆర్డీఓ నెలల తరబడి కదలకపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి. అదీ కాకపోతే హైకోర్టులో రిట్ వేయాలి, అప్పుడు ఆ ముద్రలున్న కాపీలే మీ సాక్ష్యం.