"మానేస్తాలే మేడమ్" అనే క్లయింట్‌ను 0–10 ప్రశ్న ఎలా అడగాలి

తాగుడు మానడానికి కారణాలన్నీ కౌన్సెలర్‌గా మీ నోటినుంచే వస్తున్నాయి, చిక్కంతా అక్కడే. లివర్ గురించి, పిల్లల చదువు గురించి మీరే చెప్పేస్తే క్లయింట్‌కు మిగిలేది తలూపడమే. అందుకే భార్య తీసుకొచ్చిన ప్రతిసారీ "మానేస్తాలే మేడమ్" అని వెళ్లి, మళ్లీ తాగుతున్నాడు.

ఈసారి ఇలా చేసి చూడండి (మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే మారడానికి కారణాలు క్లయింట్ నోటితోనే చెప్పించే పద్ధతి ఇది. 1983లో అమెరికన్ సైకాలజిస్ట్ విలియం మిల్లర్ దీన్ని మొదట వివరించింది తాగుడు సమస్యకే):

1. తాగితే తనకు ఏం బాగుంటుందో అడగండి. నిద్ర, ఒళ్లు నొప్పులు, ఫ్రెండ్స్... ఏం చెప్పినా ఖండించొద్దు.

2. "తగ్గించుకోవడం మీకెంత ముఖ్యం? 0 నుంచి 10లో ఎంత?"

3. చాలామంది తప్పేది ఇక్కడే. 3 అన్నాడనుకోండి, "అంత తక్కువేంటి?" అనొద్దు. అలా అంటే తాగడానికి సాకులు వెతుక్కుంటాడు. "సున్నా అనకుండా 3 ఎందుకన్నారు?" అని అడిగి ఊరుకోండి. ఎంతసేపు ఆలోచించినా మీరు మాట అందించకండి.
"పాప నా దగ్గరికి రావట్లేదు" అంటే, "పాప దూరమవుతోందని బాధగా ఉంది మీకు" అని అతని మాటే తిరిగి చెప్పండి. వెంటనే "అందుకే మానెయ్యాలి" అని తగిలించారో, మళ్లీ మొదటికే.

4. తర్వాత "మరి ఏం చేద్దామనుకుంటున్నారు?" అనండి. ఎంత చిన్నదైనా అతను చెప్పిందే ప్లాన్.

రోజూ బాగా తాగే మనిషైతే ఉన్నట్టుండి ఆపమనకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. ముందు సైకియాట్రిస్ట్‌కు చూపించండి.