సమాధానం: 1,000 చదరపు అడుగుల ఇంటి ధర 60 లక్షలైతే వరద బీమా కూడా 60 లక్షలకేనా?

అక్కర్లేదండీ. ఆ 60 లక్షల్లో స్థలం విలువ కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినా స్థలం ఎక్కడికీ పోలేదు కదా! బీమా లెక్క ఇంటిని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చును బట్టే.

మీరు చెప్పిన 1,000 చదరపు అడుగులు కార్పెట్ ఏరియాయే (గోడల మందం వదిలేసి లోపలి నేల కొలతే) అయితే, అడుగుకు 2,000 చొప్పున 20 లక్షలు. నా 2,000 ఊరికే అనుకున్నది, మీ మేస్త్రిని అడిగి సరిచూసుకోండి. ప్రహరీ, వాటర్ ట్యాంకు కూడా కలపండి, చాలామంది మర్చిపోతారు.

'భారత్ గృహ రక్ష' పాలసీ అడగండి. 2021 ఏప్రిల్ నుంచి ఉంది. వరద అందులోనే కవర్ అవుతుంది, విడిగా కొననక్కర్లేదు. ఫ్రిజ్, మంచాల్లాంటి సామాన్లకు భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, దానంతటదే వస్తుంది. మీకైతే 4 లక్షలు. బంగారానికి మాత్రం విడిగా కవర్ తీసుకోవాలి. బైకు సంగతి దాని సొంత పాలసీలో చూసుకోవాలి.

ప్రీమియం కంపెనీని బట్టి మారుతుంది. బీమా మొత్తంలో ప్రతి వెయ్యికి 50 పైసలు అన్నారనుకోండి, 20 లక్షలకు 1,000, జీఎస్టీ 180. ఏడాదికి 1,180. రెండు మూడు చోట్ల కొటేషన్ తీసుకుని ఇలాగే లెక్కేసి చూడండి.