పిల్లవాడి కోళ్లు, పిల్లవాడి లెక్క

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. సెలవుల్లో పొలం పనిలో సాయం చేస్తాడు. తనకంటూ నాలుగు డబ్బులు ఉండాలని, నాటుకోళ్లు పెంచుకుంటానని అడుగుతున్నాడు. చదువు పాడవుతుందేమోనని మాకు టెన్షన్. చేసిన పనికి కూలి ఇస్తే సరిపోతుందా, కోళ్లే పెట్టించాలా? ఎన్నింటితో మొదలుపెట్టాలి?
– ఒక రైతు

జవాబు: కోళ్లే పెట్టించండి. ఇంటి పనికి కూలి కడితే రేపు ప్రతి పనికీ ‘ఎంతిస్తావు?’ అని అడుగుతాడు. కోళ్లు తనవైతే తెల్లారకముందే లేచి గూడు తలుపు తీస్తాడు.

రెండు పెట్టలు, ఒక పుంజుతో మొదలుపెట్టండి చాలు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పని. ఒకేసారి యాభై పిల్లలు తెచ్చిపెడితే మాత్రం మీరు భయపడినట్టే చదువు దెబ్బతింటుంది.

నాటు పెట్ట గుడ్లకు రావడానికి ఆరేడు నెలలు పడుతుంది. పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. డబ్బు నెమ్మదిగానే వస్తుందని వాడికి ముందే చెప్పండి. పొదుగుకొచ్చిన పెట్ట కింద, పెట్టి వారం దాటని గుడ్లు 10–12 మించకుండా వేయండి. ఏడో రోజు రాత్రి లైటు ఆర్పి, గుడ్డు వెనక టార్చి పెట్టి చూడమనండి. నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడులా సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తే పిల్ల కట్టినట్టు. గుడ్డంతా ఒకేలా వెలుగుతుంటే పిల్ల కట్టలేదు, తీసేయాలి. ఆ రాత్రి మీరూ వాడి పక్కన కూర్చోండి. 21వ రోజుకు పిల్లలు బయటికొస్తాయి.

వాడి కష్టమంతా వారంలో ఊడ్చుకుపోయేది కొక్కెర తెగులుతోనే. దీన్నే రాణికెట్ అంటాం. వస్తే మందు లేదు, రాకుండా టీకా ఒక్కటే దారి. 5–7 రోజుల వయసులో లసోటా అనే టీకా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్2బి అనే టీకా వేయించాలి. టీకా సీసాను 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఐసు లేకుండా జేబులో వేసుకొచ్చిన టీకా వేసినా వేయనట్టే. సీసా విప్పితే వందల మోతాదులు ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా కలిసి ఒకే రోజు వేయించుకుంటే మంచిది. ఒక్కసారిగా నాలుగైదు కోళ్లు చనిపోతే పిల్లవాడిని ముట్టుకోనివ్వకండి, వెంటనే పశువైద్యులకు చెప్పండి.

ఇక లెక్క. ఒక నోటుబుక్కులో ఎడమ పేజీ ఖర్చు, కుడి పేజీ రాబడి వాడి చేతే రాయించండి. పూర్తిగా దాణా మీదే పెంచితే పెద్ద కోడి రోజుకు సుమారు 100 గ్రాములు తింటుంది. బయట తిరిగి మేస్తే అందులో కొంత కలిసొస్తుంది. మీ గింజలు ఊరికే పోస్తే వాడికి లాభం వచ్చినట్టే ఉంటుంది గానీ అది మీ జేబులోంచి పోయిన డబ్బే. ధర కట్టి రాయించండి, గుడ్లు అమ్మాక తీర్చమనండి. ఇంటికి గుడ్లు తీసుకుంటే మీరూ అలాగే డబ్బివ్వండి.

నాకు పన్నెండేళ్లప్పుడు మా ఇంట్లో ఒక పెట్టను నాకిచ్చారు. తొమ్మిది పిల్లలు చేసింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఏదో అవసరమని అన్నీ అమ్మేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత చాలా రోజులు గూడు వైపే వెళ్లలేదు. మీకు ఎంత అవసరం వచ్చినా ముందు వాడిని అడగండి, అప్పుగా తీసుకుని తిరిగివ్వండి.

పురుగుమందు కలపడం, పిచికారీ, ట్రాక్టరు, నూర్పిడి మిషను జోలికి మాత్రం పంపకండి. 18 ఏళ్లు నిండనివారికి ప్రమాదకరమైన పని వద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లోనే నియమం పెట్టింది. మందు వాసన పిల్లల ఒంటికి పెద్దలకంటే త్వరగా పడుతుంది. గూడు ఊడ్చాక సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు మొదటి రోజు నుంచే చేయించండి.

పరీక్షలకు నెల ముందు కొత్తగా పొదుగు వేయొద్దు. ఆ రోజుల్లో దాణా, నీళ్లు మీరు చూసుకోండి. దానికి లెక్క రాయక్కర్లేదు.