ముందు రెండు టైర్లే మార్చాక బిగుసుకుపోయినట్టు నడుస్తున్న సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐకి సమాధానం

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే మీ కారు, ముందు రెండు టైర్లు మార్చినప్పటి నుంచి బిగుసుకుపోయినట్టు నడుస్తోందని అడిగారు. వెనుక పాత 245/40ఆర్18 టైర్లను (వరుసగా మి.మీ.లో వెడల్పు, అందులో శాతంగా పక్క గోడ ఎత్తు, అంగుళాల్లో రిమ్ము వ్యాసం) ఉంచి, ముందు మాత్రం కొత్త 265/35ఆర్18 వేయడమే బహుశా కారణం. మొదటిదాని వ్యాసం సుమారు 653 మి.మీ., రెండోదానిది 643 మి.మీ. కనుక, తిన్నని రోడ్డు మీద కూడా ముందు, వెనుక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరిగి, ఆ రెండింటికీ శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్ విరామం లేకుండా శ్రమించి వేడెక్కుతుంది. దయచేసి ఈ స్థితిలో దూర ప్రయాణం చేయకండి.

1. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే కొలతలో కొనండి. మీ 9.5 అంగుళాల రిమ్ముకు 265/35 చక్కగా సరిపోతుంది. స్పీడోమీటర్ మాత్రం కొద్దిగా ఎక్కువ చూపుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: టైరు మీది అంకెను నమ్మకుండా, నాలుగింటిలోనూ ఒకే గాలి ఒత్తిడి ఉంచి, ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ల భాగం) మధ్యగా టేపు చుట్టి చుట్టుకొలత కొలవండి. సుబారు అనుమతించే తేడా దాదాపు 6 మి.మీ. మాత్రమే, అంటే ట్రెడ్ లోతులో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ హద్దు చేరినట్టే. అందుకే ఇకపై ఒక్క టైరు పాడైనా, కొత్తదాన్ని మిగతా మూడింటి లోతుకు చెక్కించి వేయాలి.

3. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె) డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో సూచించినదానికంటే తగ్గకూడదు.

4. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గే చోట సమ్మర్ టైర్ల పట్టు బాగా పడిపోతుంది కనుక, చలికాలానికి వేరే సెట్టు ఉంచుకోండి.