మా రిజిస్టర్లో మతం కాలమ్ లేదు

పాఠకుల ప్రశ్నలు – సిస్టర్ జవాబులు

(కెన్యా దేశానికి వాయవ్యాన ఉన్న తుర్కానా ప్రాంతంలో, లోడ్వార్ మేత్రాసనం (బిషప్ గారి పరిధి)లోని ఒక పల్లె డిస్పెన్సరీలో నర్సుగా పనిచేస్తున్న యువ మఠకన్య ఈ నెల మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. సిస్టర్ సొంతూరు ఒంగోలు దగ్గర పల్లె.)

ప్రశ్న: సిస్టర్ గారూ, వందనాలు. అక్కడ మీ రోజు ఎలా గడుస్తుంది? ఎప్పుడూ ప్రార్థనలోనే ఉంటారా? – ఒక గృహిణి, తెనాలి

జవాబు: వందనాలమ్మా. ఐదుకు లేస్తాం. ఐదున్నరకు ఉదయ ప్రార్థన, ధ్యానం. ఫాదర్ గారు ఊళ్లో ఉంటే బలిపూజ ఉంటుంది. ఆయన కింద చాలా పల్లెలు ఉన్నాయి కాబట్టి రోజూ కుదరదు. ఏడున్నరకు డిస్పెన్సరీ తలుపు తీస్తాం. అప్పటికి మీకు పది అవుతుంది, మేం మీకంటే రెండున్నర గంటలు వెనక.

తలుపు తీసేసరికి చెట్టు కింద జనం ఉంటారు. చీకటితోనే బయల్దేరి నడిచి వచ్చినవాళ్లు. మగవాళ్ల చేతిలో చిన్న చెక్క పీట ఉంటుంది. కూర్చోవడానికి అదే, పడుకున్నప్పుడు తలకింద పెట్టుకోవడానికీ అదే. ముందు జ్వరాలవాళ్లను చూస్తాం. వేలి కొసన పొడిచి ఒక్క చుక్క రక్తం కిట్టు మీద వేస్తే పావుగంటలో తెలిసిపోతుంది. ఒక గీత వస్తే మలేరియా లేదు, రెండు వస్తే ఉన్నట్టు.

తర్వాత పసిపిల్లలు. నా పని మొత్తంలో నాకు ప్రాణం ఇదే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టూ ఒక రంగుల పట్టీ వేసి కొలుస్తాం. పదకొండున్నర సెంటీమీటర్ల లోపు ఉంటే ఎరుపు, పన్నెండున్నర దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. ఎరుపులో ఉన్న బిడ్డకు వేరుశెనగ ముద్ద ప్యాకెట్లు ఇస్తాం. ఒక్కో ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు. వేరుశెనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, అంతే. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. మంచినీళ్లే దొరకని చోట ఆ నీళ్లు కలపక్కర్లేకపోవడమే పెద్ద మేలు. మొదటి ప్యాకెట్ ఇంటికి ఇచ్చి పంపం. అక్కడే మూల చించి బిడ్డ చేతికి ఇచ్చి చూస్తాం. తింటే ఇంటి దగ్గరే కోలుకోవచ్చు. మొహం తిప్పేసుకుంటే లోపల ఇంకేదో జబ్బు ఉన్నట్టు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

మొన్న ఒక పిల్లవాడు ప్యాకెట్ వాసన చూసి తల్లి ఒళ్లో మొహం దాచుకున్నాడు. తల్లి వేలితో కాస్త తీసి పెదవికి రాసింది. వాడు నాకి, ఆగి, మళ్లీ నాకి, ప్యాకెట్ లాక్కున్నాడు. పిండిపిండి చివరికి మోచేతి దాకా కారింది కూడా నాకేశాడు. తల్లి నవ్వింది, చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. ప్రార్థనలోనే ఉంటారా అని అడిగారు కదమ్మా, ఆ పావుగంట నాకు ప్రార్థనే.

సాయంత్రం ఆరున్నరకు మళ్లీ ప్రార్థన, జపమాల, భోజనం, రాత్రి ప్రార్థన. పడుకునేసరికి తొమ్మిదిన్నర.

ప్రశ్న: సిస్టర్, అక్కడ సింహాలు ఉన్నాయా? – ఏడో తరగతి విద్యార్థి, మార్కాపురం

జవాబు: మా పల్లె చుట్టుపక్కల లేవు నాన్నా. మేకలు, ఒంటెలు, గాడిదలు ఉన్నాయి. తేళ్లు చాలా ఉన్నాయి, పొద్దున్నే చెప్పులు దులిపి వేసుకోవాలి. తుర్కానా సరస్సులో మొసళ్లు ఉన్నాయి. ఎడారి మధ్య ఎప్పుడూ ఎండిపోకుండా ఉండే సరస్సుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే, మ్యాప్‌లో వెతుకు. ఇంకో సంగతి. మీ ఊరి దారుల పక్కన పెరిగే సర్కారు తుమ్మ ఇక్కడా అడవిలా అల్లుకుపోయింది. 1980లలో ఇసుక ఆగుతుందని, వంటచెరకు అవుతుందని తెచ్చి నాటారట. ఇప్పుడు వద్దన్నా పోవడం లేదు. మీ దగ్గరలాగే ఇక్కడా కొట్టి బొగ్గు కాలుస్తారు.

ప్రశ్న: తిండికి ఇబ్బంది లేదా తల్లీ? పచ్చళ్లు పంపమంటే పంపుతాం. – ఒక పెద్దావిడ, చీరాల

జవాబు: మీ మాటకే కడుపు నిండింది అమ్మమ్మా. ఇక్కడి తిండి ఉగాలి, అంటే తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా చేసే సంకటి. పక్కన ఆకుకూర. తోటకూర తింటారు, అలసంద ఆకు కూడా వండుతారు. పెసలు దొరుకుతాయి. తోటకూర పెసరపప్పు వండి తాలింపు పెడితే మా కెన్యా సిస్టర్లు రెండోసారి వేయించుకుంటారు. టీ మాత్రం అచ్చం మనదే, పాలు పోసి మరిగిస్తారు. ఆవకాయ మా అమ్మ పంపుతుంది. మీరు శ్రమ పడొద్దు, జపమాల చెప్పేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి చాలు.

ప్రశ్న: కరువు ప్రాంతంలో తిండి, మందు ఇచ్చి మతం మార్చడం సేవ అవుతుందా? సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నరసరావుపేట

జవాబు: అనుకోవడానికి ఏముంది మాస్టారూ. సూటిగానే చెబుతాను. అలా చేస్తే అది సేవ కాదు, బేరం.

మా ఓపీ రిజిస్టర్లో పేరు, వయసు, ఊరు, జబ్బు, ఇచ్చిన మందు రాస్తాం. మతం కాలమ్ లేదు. మందుకోసం వచ్చిన మనిషి దగ్గర నేను దేవుడి ప్రస్తావన తేను. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి నాకు కాదని చెప్పలేదు. కాదనలేని స్థితిలో ఉన్న మనిషిని అడగడమే అన్యాయమని నా గట్టి నమ్మకం. ఈ విషయంలో మా కాన్వెంట్‌లో అందరిదీ ఒకటే మాట.

మీ ప్రశ్న ఇక్కడ మరీ ముఖ్యం. ఎందుకంటే ఇక్కడి మిషన్ మొదలైందే కరువులో. 1961 కరువు సమయంలో ఐర్లండ్ నుంచి సెయింట్ పాట్రిక్ సంఘం ఫాదర్లు వచ్చారు. ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో సిలువ అన్న మాట ఆనాటి నుంచీ ఉంది. దాన్ని ఎవరూ తోసిపుచ్చలేరు, ప్రతి తరం మిషనరీ మళ్లీ తనను తాను అడుక్కోవలసిందే.

నాకు దీనిమీద ఆలోచన మొదలైంది ఇక్కడ కాదు, మా అమ్మమ్మ గారింట్లో. మా నాన్న వైపువాళ్లు కేథలిక్కులు, అమ్మ పుట్టింటివాళ్లు బాప్టిస్టులు. 1876-78 ధాత కరువు కబుర్లు అమ్మమ్మకు తన పెద్దల నుంచి వచ్చాయి. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించారు. ఆ కాలమంతా వందల మంది బాప్తిస్మం ఇమ్మని అడిగినా ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఆపేశారు. సహాయం పంచడం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరికీ ఆ అంకె గుర్తుంటుంది. నాకు గుర్తున్నది దానికి ముందు ఆపిన కాలం. ఆ తర్వాత వచ్చినవాళ్ల మనసులో ఏముందో చరిత్ర రాసేవాళ్లు రకరకాలుగా చెప్పవచ్చు. కానీ అన్నానికీ బాప్తిస్మానికీ మధ్య ఎడం ఉండాలని ఆ మనిషి పట్టుబట్టాడు. అది నాకు పాఠం.

తుర్కానావాళ్లకు దేవుడు కొత్త కాదు మాస్టారూ. పైన ఉండి వాన కురిపించే అకూజ్‌ను వాళ్లు తరతరాలుగా పిలుస్తున్నారు. తమంతట తాము వచ్చి క్రీస్తు గురించి అడిగేవాళ్లను విశ్వాస పాఠాలు చెప్పే ఉపదేశి దగ్గరికి పంపుతాను. నెలల తరబడి ఉపదేశం వినాలి, మధ్యలో మానేసినా అడిగేవాళ్లు లేరు. మానేసినవాళ్ల పిల్లలకూ ఎరుపు పట్టీ వస్తే అదే ప్యాకెట్.

ప్రశ్న: గుడి ఎలా ఉంటుంది? ఆరాధన మనలాగేనా? – గాయక బృంద సభ్యురాలు, ఖమ్మం

జవాబు: పెద్ద విచారణల్లో, అంటే పారిష్‌లలో, గుళ్లున్నాయి. మా పల్లెల్లో చాలాచోట్ల చెట్టు నీడే గుడి. ఆదివారం పూజ రెండు గంటలకు తక్కువ ఉండదు, ఎవరూ గడియారం చూడరు. పాట అంటే నిలబడి పాడటం కాదు, మెడనిండా పూసలు వేసుకున్న ఆడవాళ్లు ఎగిరి ఆడతారు. కానుకల సమయంలో మేకపిల్లను తోలుకొస్తారు, బొగ్గుల బస్తా నెత్తిన పెట్టుకుని వస్తారు. ఫాదర్ రాని ఆదివారాలు ఉపదేశి వాక్యం చదివి ప్రార్థన నడిపిస్తాడు. వారంలో ఒకరోజు పదిపదిహేను ఇళ్లవాళ్లు ఒకచోట చేరతారు, దాన్ని జుమూయియా అంటారు. వాక్యం చదువుకోవడమే కాదు, ఎవరింట్లో జబ్బు, ఎవరి మేక తప్పిపోయింది, అన్నీ అక్కడే తేలతాయి.

ప్రశ్న: సిస్టర్, మా ఆయన పోయాక నాకు ప్రార్థన రావడం లేదు. మీకు ఎప్పుడైనా దేవుడు వినడం లేదనిపించిందా? – పేరు వద్దు, విజయవాడ

జవాబు: అనిపించిందక్కా.

ఒక సాయంత్రం ఒక పాపను తెచ్చారు. జ్వరం మెదడుకు ఎక్కింది, ఫిట్స్ వస్తున్నాయి. మొదటి ఇంజెక్షన్ ఇచ్చి జీపులో లోడ్వార్ ఆసుపత్రికి బయల్దేరాం. మా దగ్గర చుక్క వాన లేదు, కానీ ఎగువన కొండల్లో పడింది. ఇక్కడి వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే, పైన వాన పడితే ఉన్నట్టుండి వరద వస్తుంది. మేం ఒడ్డుకు చేరేసరికి ఎర్రటి నీళ్లు నిండుగా పారుతున్నాయి. దాటే దారి లేదు. హెడ్‌లైట్ వెలుగులో తల్లి పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నేను తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. నీళ్లు తీయకముందే పాప వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి వాన కోసం ప్రార్థించిన ఊరు అది. 2020 చివరి నుంచి వరుసగా ఐదు వర్షాకాలాలు తప్పిన నేల అది. వాన వచ్చింది, ఆ రాత్రే వచ్చింది. ఎందుకని నేను అడిగాను. జవాబు రాలేదు, ఇప్పటికీ లేదు.

మాకు శుక్రవారం రాత్రి ప్రార్థనలో 88వ కీర్తన ఉంటుంది. మీ బైబిల్ తీసి చూడండి. మిగతా విలాప కీర్తనలు చాలావరకు ఎంత ఏడ్చినా చివరికి స్తుతి దగ్గరికో నమ్మకం దగ్గరికో వస్తాయి. ఇది రాదు. మొరతో మొదలై చీకటితోనే ముగుస్తుంది. తిరుసభ దాన్ని మా చేత వారం వారం చెప్పిస్తుంది. ఆ వారం నాకు వేరే ఏ మాటా నోట రాలేదు, అదొక్కటే చదివాను. మీకు ప్రార్థన రాకపోతే కల్పించుకోకండి అక్కా, అది చదవండి. చదవాలని కూడా లేకపోతే పక్కన ఎవరినైనా చదవమని మీరు ఊరికే వినండి. పాప తల్లి ఇంట్లో జుమూయియా ఆడవాళ్లు చాలా రోజులు వంతులవారీగా కూర్చున్నారు. ఆమెకు క్రైస్తవం లేదు. అయినా వెళ్లారు, నీళ్లు మోసి తెచ్చారు, మేకలు చూశారు. అక్కడ నేను ఒక్క ప్రసంగం వినలేదు. మీ విచారణలోనూ అలా వచ్చి కూర్చునే ఒక్క మనిషినైనా పిలవమని ఫాదర్ గారిని అడగండి, మొహమాటపడొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి నోవిషియేట్‌లో (సిస్టర్‌గా మాటపట్టు ఇచ్చే ముందు శిక్షణలో) ఉంది. ఆఫ్రికా పంపుతారేమోనని నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, ఫిరంగిపురం

జవాబు: మా అమ్మకూ పట్టలేదమ్మా. నేను వచ్చిన ఏడాది గుణదల మాత ఉత్సవాలకు ఒక్కతే వెళ్లి కొండ మీద నుంచి నాకు వీడియో కాల్ చేసింది, మాట్లాడకుండా ఏడ్చింది. ఏడుపు వస్తే ఆపుకోవద్దు, అమ్మాయి ముందైనా సరే. కానీ భయంతో ఊహించుకోవద్దు. అమ్మాయినే అడగండి, మదర్ గారిని అడగండి, ఎక్కడికి పంపుతారు, ఎన్నేళ్లకు సెలవు ఇస్తారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని. అడిగే హక్కు తల్లికి ఉంది.

ఒక్క మాట గుర్తు చేస్తాను. 1849లో ఫ్రాన్స్‌లోని ఆనెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు యానాం వచ్చారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఓడ ఎక్కించిన తల్లులకు ఉత్తరం కోసం నెలల తరబడి ఎదురుచూపే. మన ఆడపిల్లలకు చదువు చెప్పడానికి ఎవరో తల్లులు అలా పంపారు. మీకు ఆదివారం ఫోన్ అయినా వస్తుంది.

ప్రశ్న: నేను నర్సింగ్ చదివాను, సిస్టర్ కావాలని లేదు. కొన్నాళ్లు అక్కడ సేవ చేయవచ్చా? ఏం సిద్ధం చేసుకోవాలి? – ఒక యువతి, హైదరాబాద్

జవాబు: చేయవచ్చమ్మా, మామూలు విశ్వాసులూ వస్తారు. ముందు మీ విచారణ గురువుల ద్వారా ఇక్కడి మేత్రాసనానికి రాయించండి. మన రిజిస్ట్రేషన్ ఇక్కడ నేరుగా చెల్లదు, కెన్యా నర్సింగ్ కౌన్సిల్ అనుమతి కావాలి, దానికి సమయం పడుతుంది. ఈలోపు స్వాహిలీ మొదలుపెట్టండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. ఆ పసుపు కార్డు పాస్‌పోర్ట్‌తోపాటే ఉంచుకోండి, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు అడుగుతారు. నూలు బట్టలు, మంచి టార్చి, మూసి ఉండే చెప్పులు తెచ్చుకోండి. మిగతావి లోడ్వార్ బజారులో దొరుకుతాయి.