కారు కొనకండి, ఆటోనగర్ పంపండి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. మా అబ్బాయి విజయవాడలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఇంట్లో అందరం సీఎస్ఈ తీసుకోరా అంటే వినలేదు. ఇప్పుడు రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. పొద్దస్తమానం ఫోన్లో పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల వీడియోలే. ఎవరి దగ్గరో 2002 మోడల్ హోండా సిటీ వీటెక్ ఉందట, 2 లక్షల 80 వేలు చెబుతున్నారట, చీటీ పాడి కొనివ్వమంటున్నాడు. చదువు మానేసి అలాంటి కార్లు బాగుచేసే షెడ్డు పెడతాడట. వాళ్ళమ్మకి స్పీడంటే భయం, నాకు డబ్బు భయం. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ పాడకండి. చదువు మానిపించకండి. కానీ వాడి కార్ల పిచ్చిని తిట్టి పోగొట్టాలని కూడా చూడకండి. ఈ మూడోది ఎందుకంటున్నానో చెప్పడానికే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఏడాదికి ఇద్దరు ముగ్గురు ఇదే వరసలో ఉంటున్నారు. వాళ్ళు మోజుపడే కార్లన్నీ వాళ్ళు పుట్టకముందువి. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, అదే ఏడాది వచ్చిన మజ్దా మియాటా, 1990 నాటి హోండా ఎన్ఎస్ఎక్స్, 1993 నాటి టొయోటా సుప్రా. ఒక్కడూ వాటిలో కూర్చుని ఎరగడు. వీడియో గేముల్లో నడిపారంతే. అయినా ఆ సుప్రాది 3 లీటర్ల ఇంజనని, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయని అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతారు. ఈ శ్రద్ధలో సగం థర్మోడైనమిక్స్ మీద పెట్టొచ్చుగా అని మీరనుకుంటారు, నేనూ అనుకుంటాను. కాకపోతే పుస్తకంలో ఉన్న థర్మోడైనమిక్సూ ఆ ఇంజనులో ఉన్నదీ ఒకటేనని వీళ్ళకి క్లాసులో ఎవరూ చూపించలేదు.

ఆ కార్లు మన దేశానికి మామూలుగా రావు. మూడేళ్ళు దాటిన సెకండ్ హ్యాండ్ కారును దిగుమతి చేసుకోనివ్వరు, ఆ లోపువి తెచ్చుకున్నా కారు ధర కంటే పన్నే ఎక్కువవుతుంది. అందుకని పిల్లల చూపు ఇక్కడ అమ్ముడైన పాత కార్ల మీదికి మళ్ళుతోంది. హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఐకాన్ 1.6, మిత్సుబిషి లాన్సర్. ఇంకా వెతికితే గోవాలో తయారైన సాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల ఫైబర్ బాడీ బుల్లి కారు. మీవాడు ఎంచుకున్న బండి ఈ వరసలో తీసిపారేసేదేమీ కాదు.

దాని గొప్పేమిటో మీకూ తెలియాలి. ఇంజనులోకి గాలీ పెట్రోలూ వెళ్ళే తలుపుల్లాంటివి వాల్వులు. మామూలు ఇంజనులో అవి ఎంత తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో ఒకటే కొలత. హోండావాళ్ళు రెండు కొలతలు పెట్టారు. ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు చిన్న కొలత. బాగా వేగం అందుకున్నాక ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను జరిగి, వాల్వుల్ని నొక్కే రాకర్లనే మీటలు కలిసిపోయి పెద్ద కొలత. అందుకే ఆ రోజుల్లోనే 1.5 లీటర్ల ఇంజనులో 106 హార్స్ పవర్ రాబట్టారు.

ఇప్పుడు చెప్పిందే మీవాణ్ణి అడగండి. ఓ ఆదివారం కాగితం, పెన్సిలు ఇచ్చి, ‘ఆ వీటెక్ అంటే ఏంటో నాకు అర్థమయ్యేలా బొమ్మ గియ్యి నాన్నా’ అనండి. గీసి చెప్పగలిగితే వాడి ఇష్టం ఇంజను మీద. సైలెన్సర్ సౌండు, అల్లాయ్ వీల్సు, బెంజ్ సర్కిల్ దగ్గర జనం తిరిగి చూడటం, వీటి దగ్గరే ఆగిపోతే ఇష్టం వేరే దేని మీదో. అది తప్పని నేననను, ఆ వయసులో మనకీ ఏదో ఒకటి ఉండేది. దాంతో షెడ్డు మాత్రం నడవదు.

ఇక ఆ కారు సంగతి. 2002 బండి కాబట్టి 15 ఏళ్ళు నిండిన 2017లో ఒకసారి, 2022లో మరోసారి ఆర్సీ రెన్యూవల్ అయి ఉండాలి. మళ్ళీ 2027లో చేయించాలి. 20 ఏళ్ళు దాటిన కారుకి ఆ ఫీజును 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్సు, ఫిట్‌నెస్ కోసం చేయించే రిపేర్లు దానికి అదనం. 50 ఏళ్ళు దాటితే వింటేజ్ కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంది కానీ, ఈ హోండా సిటీకి ఆ గౌరవం దక్కాలంటే 2052 దాకా ఆగాలి. పెట్రోలు సంగతీ ఉంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ రోజుల్లో కార్లకి వేసిన రబ్బరు పైపులు, సీళ్ళు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వాల్వులూ పిస్టన్లూ ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాడికే తెలియకపోతే, అది తెగిన రోజున వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజను మొత్తం విప్పాలి. అప్పుడు మీరు పెట్టిన 2 లక్షల 80 వేలు అడ్వాన్సు కింద లెక్క.

విజయవాడలో పాత కారు కొనేవాళ్ళెవరికైనా నేను చెప్పేది ఇంకొకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి కదా. ఎన్ని బండ్లు మునిగాయో ఊరంతా చూసింది. అలా మునిగిన కార్లకి రంగు వేసి, సీటు కవర్లు మార్చి అమ్మేవాళ్ళు ఉంటారు. అది బయటపడేది కార్పెట్ కింద. దాన్ని ఎత్తి వాసన చూడాలి. సీటు జరిపే పట్టాల్లో ఎండిన బురద, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర మరకలు, డాష్‌బోర్డు కింద స్క్రూలకి తుప్పు. మీవాడు ఆ బండి దగ్గరికి వెళ్ళినప్పుడు వీటిలో ఒక్కటైనా చూశాడేమో అడగండి. చూడకపోతే ఇంకా కారు కొనే దశకి రాలేదు.

నాలుగేళ్ళ క్రితం ఒకబ్బాయి నా మాట వినకుండా ముందు కారు కొన్నాడు. అది ఇవాళ్టికీ వాళ్ళింటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఇంజను బాగానే ఉంది. డోర్ల రబ్బరు బీడింగు దొరకలేదు, ఒక హెడ్‌లైటు దొరకలేదు, కుదుపులు ఆపే సస్పెన్షన్‌లో కీళ్ళ దగ్గర ఉండే బుష్షులు దొరకలేదు. పాత కారుకి మెకానిక్ దొరుకుతాడండీ, స్పేర్ పార్టు దొరకదు. మీవాడి భవిష్యత్తు ఏమైనా ఉంటే అది ఈ ముక్కలోనే ఉందని నా నమ్మకం.

పెద్ద కంపెనీలకే ఇది తెలిసొచ్చింది. మొదటి తరం మియాటాని, జపాన్లో దాన్ని రోడ్‌స్టర్ అంటారు, బాగుచేసి ఇచ్చే సర్వీసు పెడుతున్నామని, ఆగిపోయిన పార్టులు మళ్ళీ తయారుచేస్తామని మజ్దా 2017లో ప్రకటించింది. అదే ఏడాది నిస్సాన్ పాత స్కైలైన్ జీటీ-ఆర్‌కి పార్టులివ్వడం మొదలుపెట్టింది. 2020లో టొయోటా పాత సుప్రాలకి ఇదే పని చేసింది. పాతికేళ్ళ కిందటి కార్లకి కంపెనీలే మళ్ళీ పార్టులు పోస్తున్నాయంటే కొనేవాళ్ళున్నట్టేగా. మన దగ్గర అమ్ముడైన పాత ఫియట్లకీ ఫోర్డులకీ ఆ దిక్కు లేదు. ఆ రెండు పేర్లతో ఇక్కడ ఇప్పుడు కార్లే తయారవడం లేదు.

మరి ఆ పార్టు ఎవరు చేస్తారు? పటమట దాటితే ఆటోనగర్. 1960ల్లో లారీల కోసం పుట్టిన పేట. ఒక సందు లేత్ మిషన్లు, ఇంకో సందు రేడియేటర్లు, మరో సందు కమాను కట్టలు, ఆపైన బాడీ బిల్డింగు, టింకరింగు, పెయింటింగు. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగు, సిలిండర్ రీబోరు లాంటి అరిగిన ఇంజన్ల పనులకి చుట్టుపక్కల జిల్లాల బండ్లన్నీ అక్కడికే వస్తాయి. అక్కడి మేస్త్రీల్లో గోరుతో గీరి ఇది ఎంత అరిగిందో చెప్పేవాళ్ళున్నారు. కానీ వాళ్ళ కొలత వేళ్ళలోనే ఉంటుంది, కాగితం మీదికి రాదు. మీవాడి కాలేజీలో కంప్యూటర్ మీద పార్టుల బొమ్మలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉంది, డ్రాయింగు నేర్పుతారు, మెటీరియల్ సైన్సు చెబుతారు. అరిగిపోయిన బుష్షు తీసుకుని కొలిచి, అరగకముందు ఎంతుండేదో లెక్కగట్టి, ఏ లోహమో, ఏ రబ్బరో తేల్చి, డ్రాయింగు గీసి, ఆ మేస్త్రి చేత చేయించగలిగేవాడు ఎంతమంది ఉన్నారు? నేను చూసినంతలో ఇంజనీరు పిల్లాడు ఆ షెడ్డులోకి అడుగుపెట్టడు, మేస్త్రికి ఆ సాఫ్ట్‌వేర్ రాదు. ఇద్దరి మధ్యా నిలబడేవాడికి పని ఉంది. పాత స్పోర్ట్స్ కారుకే కాదు, పాత ట్రాక్టరుకి, రైసు మిల్లు మిషనుకి, మీ యార్డు పక్కన కారం మిల్లుకి కూడా అదే పని.

అందుకే ఆదివారాలు, సెలవులు వాణ్ణి ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి పంపండి. జీతం అడగొద్దు. మొదటి రెండు నెలలు పానాలు అందించడం, డీజిల్లో పార్టులు కడగడం తప్ప ఏమీ నేర్పరు. ‘బీటెక్ చదివి కడుగుడు పనేంట్రా’ అని చుట్టాలంటారు, అననివ్వండి. మెరిసే కార్ల షెడ్డు కోసం వెతకొద్దు, మారుతి 800 ఇంజన్లు విప్పే చోటైతే చాలు. మూడో నెల కూడా వాడంతట వాడు తెల్లారే లేచి బస్సెక్కితే మనం మళ్ళీ మాట్లాడుకోవాల్సిందే. మానేస్తే మీకు 2 లక్షల 80 వేలు మిగిలినట్టు.

చదువు ఎందుకు మానకూడదంటే, ఈ ఇష్టంతో అన్నం పెట్టే ఉద్యోగాలు చాలావాటికి ఆ కాగితం కావాలి. బుడమేరు మునకప్పుడు ఇన్సూరెన్స్ తరఫున కారు కారుకీ తిరిగి నష్టం అంచనా వేసినవాళ్ళని చూశారా? వాళ్ళు సర్వేయర్లు. ఇంజనీరింగ్ చదివి, లైసెన్సు ఉన్న సర్వేయర్ దగ్గర శిక్షణ పొంది, పరీక్ష పాసై, బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నుంచి లైసెన్సు తీసుకుంటారు. దెబ్బతిన్న బండిని చూసి ఏది మార్చాలో, ఏది బాగుచేయొచ్చో చెప్పడమే వాళ్ళ పని. షెడ్డులో చేతులు నల్లబడినవాడికి అది బాగా పట్టుబడుతుంది. మన ఊళ్ళో బ్రేకిన్‌స్పెక్టర్ అంటారే, అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్, ఏపీపీఎస్సీ ఆ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మెకానికల్ డిగ్రీవాళ్ళు రాసుకోవచ్చు. గవర్నమెంటు ఉద్యోగం అన్న మాట చెవిన పడితే వాళ్ళమ్మగారు కూడా నా పక్షం వస్తారేమో. ఇవి కాక హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో మొదలైంది, పెనుకొండ దగ్గర కియా ఉండనే ఉంది. బ్యాక్‌లాగ్ ఉన్నవాణ్ణి క్యాంపస్ ఇంటర్వ్యూకి చాలాచోట్ల కూర్చోనివ్వరు. కాబట్టి ఆ రెండు సబ్జెక్టులే మొదటి పని.

కాలేజీలో వాడికి ఇంకో దారి ఉంది. విద్యార్థులే జట్టుగా చిన్న ఫార్ములా రేసు కారు తయారుచేసుకుని తీసుకెళ్ళే పోటీలు దేశంలో జరుగుతున్నాయి. ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ఇండియా వాళ్ళది ఒకటి, దాని పేరు సుప్రా! టొయోటా సుప్రాకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా ఆ పేరు వింటే మీవాడు ఎగిరి గంతేస్తాడు. కాలేజీలో జట్టు ఉంటే చేరమనండి, లేకపోతే నలుగురిని కూడగట్టమనండి. కారు చట్రం (ఛాసిస్) వెల్డింగు దగ్గర్నుంచి లెక్కల దాకా అన్నీ వాళ్ళే చేసుకోవాలి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో మెక్‌ఫర్సన్ కాలేజీ పాత కార్లు బాగుచేయడంలో నాలుగేళ్ళ డిగ్రీ ఇస్తుంది, వాడు ఇప్పటికే మీకు ఆ వీడియో చూపించి ఉండొచ్చు. దాని గురించి ఇప్పుడు ఆలోచించకండి.

సొంత షెడ్డు సంగతి సూటిగా చెబుతాను. పాత స్పోర్ట్స్ కారుకి లక్షలు పెట్టి మెరుగులు దిద్దించుకునే కస్టమర్లు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరుల్లో ఎక్కువ. విజయవాడలో వాళ్ళనే నమ్ముకుని కూర్చుంటే అద్దె కూడా రాదు. ఒక్కో కారు నెలల తరబడి పడుతుంది, డబ్బు మధ్యలో ఆగుతుంది. డిగ్రీ అయ్యాక రెండు మూడేళ్ళు ఆ ఊళ్ళలో ఎవరి దగ్గరైనా పనిచేసి, కస్టమరుతో మాట్లాడటం, ఎస్టిమేటు రాయడం నేర్చుకుంటే అప్పుడు షెడ్డు మాట.

అమ్మగారి భయం విషయంలో నేను పూర్తిగా ఆవిడ వైపే. ఆ కాలం కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండవు. రాత్రిపూట గుంటూరు హైవే మీద స్నేహితులతో పందెం వేస్తే చట్టం ప్రకారం మొదటిసారే మూడు నెలల దాకా జైలు గానీ 5 వేల జరిమానా గానీ పడొచ్చు. కంపెనీ ఇచ్చిన సైలెన్సరో ఇంకోటో ఇష్టమొచ్చినట్టు మార్చినా అది వేరే కేసు. నడపాలని మరీ ఉంటే, మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది, అక్కడ హెల్మెట్ పెట్టుకుని, పక్కన నేర్పేవాడు ఉండగా నడుపుతాడు. రెండు సబ్జెక్టులూ పాసైతే దానికో రైలు టికెట్టు, ఒక రోజు ఫీజు మీరు ఇవ్వొచ్చు. చీటీ పాడేంత ఖర్చు కాదది.

ఈలోగా ఆ హోండా సిటీ దగ్గరికి వాడితో పాటు మీరూ ఒకసారి వెళ్ళండి, కొనడానికి కాదు. ఆ బండి నడవాలంటే ఏమేం మార్చాలో, ఒక్కొక్కటీ ఎక్కడ దొరుకుతుందో, ఎంతవుతుందో వాణ్ణే చీటీ రాయమనండి. ఆ చీటీ ఫోటో తీసి నాకు పంపండి, చూసి చెబుతాను.